గాలంటే కాదు, గాలి ఆగితే భయం. ఒంటితో చేసే థెరపీ ఎవరైనా చేయించుకున్నారా?

వాల్తేరు పిల్ల (ప్రశ్న)

ముందే చెప్తున్నా, పెద్ద పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇల్లు పెదవాల్తేరు, పని ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్‌గారి ఆఫీసులో. జీఎస్టీ రిటర్నులు వేస్తాను. చూడ్డానికి ఏ రోగమూ లేదు. కానీ నిద్రలో పళ్లు కొరుకుతాను. దవడ పళ్లు రెండు పక్కలా అరిగి నున్నగా అయిపోయాయని డెంటిస్టు రాత్రిపూట పెట్టుకోవడానికి ప్లాస్టిక్ తొడుగు చేసిచ్చారు. పదకొండు నెలల్లో దానికీ చిల్లు పడింది. కుడి భుజం ఎప్పుడూ చెవి దగ్గరే ఉంటుంది. ఎక్స్‌రే, ఎమ్మారై రెండూ నార్మలే. ఫిజియోథెరపీ అమ్మాయి నొక్కి చూసి, "ఏంటక్కా, రోజూ బస్తాలు మోస్తారా?" అంది.

బస్తాలు కాదు. తలుపు పట్టుకున్నాను. పదకొండేళ్ల కిందట.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మా విశాఖ మీద పడిన రోజు, ఈ ఊరివాళ్లకి ఆ తేదీ ఏంటో వేరే చెప్పక్కర్లేదు. నేను ఇంటర్ సెకండియర్. మాది పాత డాబాలో పై వాటా. అమ్మ రాజమండ్రిలో అమ్మమ్మ దగ్గరుంది. ఇంట్లో నాన్న, నేను, తమ్ముడు, నానమ్మ. పొద్దున పదింటికల్లా వెనక బాల్కనీ తలుపు గడియ మేకులతో సహా ఊడి గదిలో పడింది. నాన్నా నేనూ వీపులు తలుపుకి ఆనించి, కాళ్లు బీరువాకి తన్నిపెట్టి కూర్చున్నాం. తమ్ముడూ నానమ్మా బాత్రూంలో ఉన్నారు, కిటికీ లేని గది అదొక్కటే మరి. నానమ్మ బకెట్ బోర్లించుకుని కూర్చుని కరకచెట్టు పోలమాంబకి మొక్కుల మీద మొక్కులు మొక్కేస్తోంది. అందులో సగం నా జుట్టు మీదే.

ఆ చప్పుడు ఎలా ఉందంటే, కుక్కర్ విజిల్ వేసే ముందు మూత బుసకొడుతుంది చూడండి, ఆ బుస. విజిల్ మాత్రం రాదు. రెండు గంటలు అదే.

మధ్యాహ్నం ఒక్కసారిగా ఆగిపోయింది. వీధిలో ఎవరిదో స్టీలు గిన్నె దొర్లి దొర్లి ఆగిన చప్పుడు కూడా వినిపించింది. నాన్న లేచి, "హమ్మయ్య, పోయిందిరా" అన్నారు. నేను కాళ్లు చాపుకుని నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. బండి ఎలా ఉందో చూసొస్తానని ఆయన కిందికి దిగారు. అది తుఫాను కన్ను అని, సరిగ్గా మన ఊరి మీదుగానే వెళ్తోందని, కన్ను దాటాక గాలి ఎదురు వైపు నుంచి కొడుతుందని మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఈసారి కొట్టింది మెట్ల వైపు తలుపుని. నేను వెళ్లి దాని పిడి పట్టుకున్నాను. తీస్తే ఇల్లంతా గాలి, లోపల తమ్ముడూ నానమ్మా ఉన్నారు. తీయకపోతే నాన్న బయట ఉన్నారు. లాగలేదు, నెట్టలేదు. అలా పట్టుకుని ఉండిపోయాను. ఎంతసేపో తెలీదు. ఆయన మెట్ల కింద మీటర్ బోర్డు పక్కన నక్కి ఉన్నారు. ఎక్కడి నుంచో సిమెంటు రేకు ముక్క వచ్చి తగిలి కాలర్ బోన్ విరిగింది. గాలి తగ్గాక ఒక చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

ఇప్పుడు ఆయన దివ్యంగా ఉన్నారు. "హుద్‌హుద్ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చింది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తారు. అందుకే ఇంట్లో నా మాట చెల్లదు. దెబ్బ తిన్నాయనకి లేని బాధ నీకేంటే అంటుంది అమ్మ.

విచిత్రం ఏంటంటే, నాకు గాలంటే భయం లేదు. ఎంత ఈదురుగాలి అయినా బీచ్ రోడ్డులో బండి మీద పోతాను. ఆగితేనే కష్టం. కరెంటు పోయాక ఫ్యాను నెమ్మదించి చివరి రెండు చుట్లు తిరుగుతుంది చూడండి, అప్పుడు అరచేతులు తడిసిపోతాయి. ఆఫీసులో సాయంత్రం ఏసీ ఆపేసినప్పుడూ అంతే. పెళ్లిలో మేళం ఠక్కున ఆగినప్పుడూ అంతే.

బీచ్‌లో పొద్దుటి ధ్యానం క్లాసుకి వెళ్లాను. "కళ్లు మూసుకోండి, ఒళ్లు వదిలేయండి, లోపల ప్రశాంతతని చూడండి" అన్నారు. చూశాను. నాలుగో నిమిషంలో లేచి పరిగెత్తాను. చెప్పులు అక్కడే వదిలేసి ఉత్తికాళ్లతో ఆటో ఎక్కాను. కౌన్సెలింగ్ కూడా ఎనిమిది సార్లు అయింది, మంచావిడే. కానీ నాకు ఈ కథ వార్తలు చదివినట్టు కంఠతా వచ్చేసింది. చెప్పీ చెప్పీ కథ అరిగింది గానీ భుజం దిగలేదు.

ఇప్పుడు ఒక ఫ్రెండు రుషికొండ వైపు ఏదో రిసార్టులో రెండు రోజుల "ట్రామా రిలీజ్" వర్క్‌షాప్ ఉందంటోంది. ఒళ్లంతా వణికిస్తారట, లోపల ఇరుక్కున్నదంతా పోతుందట. పద్నాలుగు వేలు. నా ప్రశ్నలు: ఈ ఒంటితో చేసే థెరపీ నిజంగా ఉందా, గారడీయా? ముట్టుకుంటారా? ఎలాంటివాళ్ల దగ్గరికి వెళ్లాలి? పద్నాలుగు వేలు కట్టేయమంటారా?

కంచరపాలెం కుర్రాడు

అక్కా, హుద్‌హుద్ ఊరందరూ చూశారు. మా ఇంటి రేకులు నాలుగు పోయాయి, వారం రోజులు కరెంటు లేదు, పాల ప్యాకెట్ కోసం మా అన్నయ్య ఒకడితో కొట్టుకున్నాడు. ఎవరికీ ఏం కాలేదు. జిమ్‌లో జాయిన్ అవ్వండి, భుజం దానంతటదే దిగుతుంది. పద్నాలుగు వేలకి ఏడాది ప్యాకేజీ వస్తుంది, పైగా ట్రెడ్‌మిల్ ఆగదు.

వాల్తేరు పిల్ల

ట్రెడ్‌మిల్ జోకు బావుంది తమ్ముడూ. కరెంటు పోతే అదీ ఆగుతుంది.

రైతుబజారు సంచి

అమ్మాయ్, డబ్బు కట్టకముందు ఇది చదువు.

మా ఆయన పోయిన ఏడాదికి నేనిలాంటి వర్క్‌షాప్ ఒకదానికి వెళ్లాను. ఈ ఊళ్లో కాదు, ఎక్కడో చెప్పను. హాల్లో అరవై మంది ఉన్నారు. పెద్దగా పాటలు పెట్టి, మోకాళ్లు వంచి నిలబెట్టి వణకమన్నారు. ముందు నవ్వులాటగా ఉంది. తర్వాత నిజంగానే కాళ్లు వణకడం మొదలెట్టాయి, ఇక ఆపుదామంటే ఆగవు. ఏడుపు తన్నుకొచ్చింది. మైకు పట్టుకున్నాయన నా పక్కకి వచ్చి, "బావుంది, రానివ్వండి, ఇంకా రానివ్వండి" అన్నాడు. పక్కన కూర్చుని మంచినీళ్లిచ్చేవాళ్లు లేరు. అరవై మందికి ఒక్కడు ఎంతమందిని చూస్తాడు? సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చి పంపించారు. ఇంటికొచ్చాక నాలుగు రాత్రులు నిద్ర లేదు. ఆసుపత్రి వాసన ముక్కులోంచి పోలేదు. ఫోన్ చేస్తే, "అది హీలింగే మేడమ్, అడ్వాన్స్ లెవెల్‌కి రండి" అన్నారు.

అడ్వాన్స్ లెవెల్ ముప్పై రెండు వేలు.

వణుకు మంచిదో చెడ్డదో నాకు తెలీదు. అది వచ్చినప్పుడు పక్కన మనిషి ఉండాలి. అంతే నాకు తెలిసింది.

ఓపీ చీటీ

నేను క్లినికల్ సైకాలజిస్టుని, ఈ ఊరే, పేరు వద్దు. చూడకుండా రోగానికి పేరు పెట్టను. మీరు అడిగినవాటికి మాత్రం జవాబిస్తాను.

మొదట, ధ్యానం క్లాసులోంచి పరిగెత్తినందుకు సిగ్గుపడకండి. ఒళ్లు వదులు చేసుకునే కొద్దీ గాభరా పెరగడం కొందరిలో ఉంటుందని 1980లలోనే పరిశోధకులు రాశారు. మీ విషయంలో కారణం మీరే విప్పి చెప్పారు. మీరు నవ్విన మరుక్షణమే దెబ్బ పడింది. మీ ఒంటి లెక్క ప్రకారం నిశ్శబ్దం అంటే తుఫాను పోయిందని కాదు, సగం మిగిలి ఉందని. ఆ లెక్క ఆ రోజుకి కరెక్టే కూడా. అలాంటి మనిషిని కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉండమంటే, కన్ను మధ్యలో నిలబెట్టినట్టే.

ఒంటితో చేసే థెరపీ గారడీ కాదు. అమెరికాలో పీటర్ లెవీన్ అనే ఆయన 1970ల నుంచి సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ అనే పద్ధతిని అభివృద్ధి చేశారు. పాట్ ఆగ్డెన్ అనే ఆవిడది సెన్సరీమోటార్ సైకోథెరపీ అని ఇంకోటి. లెవీన్ వాదన ఇది: ప్రమాదం వచ్చినప్పుడు ఒళ్లు పారిపోవడానికో ఎదిరించడానికో సిద్ధమవుతుంది. రెండూ కుదరకపోతే బిగుసుకుపోతుంది. అడవి జంతువులు ఆపద దాటాక ఒళ్లు విదిలించుకుని మేతకి పోతాయి. మనిషి అలా చేయడు, మొదలెట్టిన కదలిక మధ్యలో ఆగిపోతుంది, ఒళ్లు ఆ సన్నద్ధంలోనే ఉండిపోతుంది అంటారాయన. "లాగలేదు, నెట్టలేదు" అని మీరు రాసిన రెండు మాటల దగ్గర నేను చాలాసేపు ఆగాను.

అందుకే ఈ పద్ధతిలో కథతో మొదలెట్టరు. ఇప్పుడు భుజం ఎలా ఉంది, పాదాలు నేల మీద ఉన్నట్టు తెలుస్తోందా అని అడుగుతారు. బాధ దగ్గరికి కాస్త వెళ్లి, ఒంట్లో బాగానే ఉన్న చోటుకి తిరిగొస్తారు. చిన్న చిన్న మోతాదులు. లెవీన్ దానికి వాడిన టైట్రేషన్ అనే మాట కెమిస్ట్రీ ల్యాబ్‌లోదే. బ్యూరెట్‌లోంచి చుక్క చుక్కగా వదుల్తాం కదా, అదీ. పైన మేడమ్‌గారు చెప్పిన హాల్లో జరిగింది బ్యూరెట్ విరగ్గొట్టడం.

ఇక నిజాయితీగా కొన్ని మాటలు. లోపల శక్తి ఇరుక్కుపోయింది, వణికితే పోతుంది అనేది ఒక పోలిక. స్కానింగ్‌లో కనిపించే వస్తువు కాదు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి, అంటే ఘోరం జరిగిపోయాక కూడా వదలని భయం అనే జబ్బుకి, పేరు పెట్టి సూచించినవి ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరు మార్చే థెరపీ), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదుపుతూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునే థెరపీ), ఒత్తిడిని అదుపు చేసుకునే శిక్షణ. సొమాటిక్ పద్ధతి అందులో లేదు. 2017లో ఇజ్రాయెల్‌లో 63 మందితో, వారానికొకటి చొప్పున పదిహేను సెషన్లతో ఒక పరీక్ష చేశారు, ఫలితం బాగానే వచ్చింది. కానీ 63 అంటే చిన్న సంఖ్యే. మనకి దగ్గరగా అయితే, 2004 సునామీ తర్వాత దక్షిణ భారతంలో 150 మంది బాధితులకి ఇలాంటి థెరపీయే చేసి చూశారు. చాలామంది మేలుగా ఉందన్నారు. అయితే పోల్చి చూడ్డానికి థెరపీ తీసుకోని గుంపు లేదు కాబట్టి దాన్ని పట్టుకుని గట్టిగా వాదించలేను. యోగా మీద ఉన్న అధ్యయనం ఇంకాస్త గట్టిది. ఎన్నాళ్లయినా తగ్గని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది ఆడవాళ్లతో బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ అనే సైకియాట్రిస్టు బృందం చేసి 2014లో ప్రచురించింది. పది వారాల తర్వాత యోగా గుంపులో 31 మందిలో 16 మందికి ఆ రోగనిర్ధారణ వర్తించలేదు. ఆరోగ్య పాఠాలు విన్న గుంపులో 29 మందిలో ఆరుగురికే. అయితే ఆ యోగా మన టీవీ యోగా కాదు. "చేయండి" అని ఉండదు, "కావాలంటే చేసి చూడండి" అని ఉంటుంది.

ఎవరి దగ్గరికి అంటే, ముందు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టో, సైకియాట్రిస్టో అయి, ఆ పైన ఈ శిక్షణ ఉన్నవాళ్లు. వట్టి వారాంతపు సర్టిఫికెట్ చాలదు. ముట్టుకోవడం తప్పనిసరేం కాదు. ముట్టుకునే ముందు ప్రతిసారీ అడగాలి, వద్దంటే కారణం అడక్కుండా మానుకోవాలి. మీరు "ఆపండి" అన్నప్పుడు ఆపుతారా లేదా, మొదటి రోజే పరీక్షించి చూడండి. మందులు వాడుతుంటే డాక్టరుకి చెప్పకుండా మానొద్దు. ఖర్చు పెట్టలేనివాళ్లకి కేజీహెచ్ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వింటే మన ఊళ్లో జోకులేస్తారని తెలుసు. లైన్లో నిలబడేది మాత్రం మనలాంటివాళ్లే. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడతారు.

పద్నాలుగు వేలు కట్టొద్దు.

గంగమ్మ బిడ్డ

చెల్లెమ్మా, మాది పెదజాలారిపేట. నాకు చదువు తక్కువ, ఇది మా అబ్బాయి టైపు చేస్తున్నాడు.

మా తమ్ముడు వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. నేను అదే పడవలో ఉండాల్సినోణ్ణి, ఆ రోజు జొరం. తర్వాత నేను నీళ్లలో కాలెడితే మోకాళ్లు పడిపోయేవి. ఏడాది ఇంట్లోనే ఉన్నాను. తాగాను కూడా, దాచేదేముంది.

మా పెదనాన్న ఒక రోజు తెల్లారే లేపి, "ఏటి, పడవెక్కమన్నానా? తాడు పట్టుకోమన్నాను" అన్నాడు. ఒడ్డు మీద నుంచి లాగే అలివి వల ఉంటుంది. రెండు తాళ్లు, తాడుకి పదిమందో పదిహేను మందో. నన్ను అందరికన్నా వెనక నిలబెట్టాడు, సముద్రానికి దూరంగా. ఒకడు ఐలేసా అంటే అందరం ఐలేసా అని ఒక అడుగు వెనక్కి. నువ్వు లాగకపోయినా తాడే నిన్ను లాగుతుంది. నేను ఏడుస్తున్నా ఎవడూ తిరిగి చూడలేదు, పాట ఆపలేదు. మూడు నెలలు అలా వెనకే ఉన్నాను. తర్వాత మధ్యకొచ్చాను. ఏడాదిన్నరకి మోకాలు లోతు నీళ్లలో నిలబడ్డాను. ఇప్పుడు వేటకి పోతున్నాను.

అది తెరపీ అవునో కాదో డాక్టరుగారే చెప్పాలి. నువ్వు తలుపు ఒక్కదానివే పట్టుకున్నావు, అదీ నీ కష్టం అనిపించింది నాకు.

ఓపీ చీటీ

అన్నా, మీ పెదనాన్నగారు నాకు పాఠం చెప్పాల్సిన మనిషి. వెనక నిలబెట్టడం, సముద్రానికి దూరంగా నిలబెట్టడం, మూడు నెలలు తొందర పెట్టకపోవడం. మేం ఫీజు తీసుకుని చేసేది ఇదే.

వాల్తేరు పిల్ల (రెండున్నర నెలల తర్వాత)

పోస్టు పెట్టి మాయమైపోయానని తిట్టుకోకండి. ఏం జరిగిందో చెప్పడానికి వచ్చాను.

వర్క్‌షాప్ మానేశాను. వాకబు చేస్తే ఈఎండీఆర్, సొమాటిక్ రెండింట్లోనూ శిక్షణ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు ఒకావిడ దొరికారు. గంటకి పన్నెండు వందలు. నేను రెడీగా కథ మొదలెట్టబోతే ఆవిడ, "కథ ఎక్కడికీ పోదు, ముందు ఈ గది చూడండి" అన్నారు. చూశాను. గోడ మీద క్యాలెండరు, మనీ ప్లాంటు, ఒక చక్రం విరిగిన కుర్చీ. "ఈ గదికి తలుపులెన్ని?" అని అడిగారు. ఒకటే. ఎక్కడ కూర్చుంటారో మీ ఇష్టం అంటే, కుర్చీ లాక్కుని తలుపు కనిపించేలా కూర్చున్నాను. ఆ వారానికి అంతే. ఇంటికొస్తూ పన్నెండు వందలు దండగ అనుకున్నాను. రాత్రి పళ్ల తొడుగు తీసి చూస్తే కొత్త గీత లేదు. ఒక్క రాత్రే లెండి, మర్నాడు మళ్లీ మామూలే.

ఆపమంటే ఆపుతారా అని మూడో సెషన్‌లో పరీక్షించాను. ఏ కారణమూ లేకుండా "ఆపండి" అన్నాను. ఆపేశారు. ఇద్దరం కిటికీలోంచి కొబ్బరిచెట్టు మీది ఉడతని చూస్తూ కూర్చున్నాం. ఇది కూడా దండగే అనుకున్నాను గానీ, ఆ పావుగంటా గది నిశ్శబ్దంగానే ఉందని బండి స్టార్ట్ చేసేటప్పుడు తట్టింది.

ఆరో సెషన్ అసలైంది. కళ్లు తెరిచే, నిలబడి, రెండు అరచేతులు గోడకి ఆనించమన్నారు. "నెట్టండి, కానీ ఎంత నెమ్మదిగా అంటే గోడకి కూడా తెలీకూడదు" అన్నారు. మొదట ఏం లేదు. తర్వాత మడమలు నేలలోకి దిగినట్టు, పిక్కలు, తొడలు, నడుం ఒకదాని తర్వాత ఒకటి పనిలోకి వచ్చినట్టు తెలిసింది. ఇన్నాళ్లూ ఈ పనంతా భుజం ఒక్కటే చేస్తోంది కాబోలు. దవడ దగ్గర మొదలైంది వణుకు. చలి జ్వరంలో పళ్లు కొట్టుకుంటాయే, అలా. నాకు మన రైతుబజారు సంచిగారే గుర్తొచ్చారు. థెరపిస్టు పక్కకొచ్చి, "ఇది ఇంకా కావాలా, చాలా?" అని అడిగారు. చాలన్నాను. గోడ వదిలేశాం. మంచినీళ్లిచ్చారు. మొత్తం ఒక నిమిషం కూడా ఉండదు. కింద రోడ్డు మీద ఆటోవాడు కాంప్లెక్స్ కాంప్లెక్స్ అని అరుస్తుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఒకసారి తలుపు వైపు చూశాను, అలవాటు.

తర్వాత ఇంట్లో చేసిన పని థెరపిస్టు చెప్పింది కాదు, నా సొంత పైత్యం. అదే ఇల్లు మాది, అదే మెట్ల తలుపు. ఒక ఆదివారం నాన్నని, "అవతల నిలబడి కొంచెం నెట్టండి" అని అడిగాను. ఎందుకే అన్నారు. ఊరికే అన్నాను. ఆయన అవతల, నేను ఇవతల. ఆయన నెట్టారు, నేను నెట్టాను. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, తండ్రీకూతుళ్లిద్దర్నీ చినవాల్తేరు పంపించాలంది. కాసేపటికి అవతల నుంచి నెట్టడం ఆగింది. తలుపు తీస్తే ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

"ఆ రోజు కింద నాకు ఏమీ కనబడలేదమ్మా" అన్నారు. "చుట్టుపక్కల ఇళ్ల తలుపులన్నీ టపటపా కొట్టుకుంటున్నాయి. మన తలుపు చప్పుడొక్కటే రావట్లేదు. అది కొట్టుకోవట్లేదంటే నువ్వు పట్టుకునే ఉన్నావు, పైన ముగ్గురూ బాగానే ఉన్నారు అనుకున్నాను. అదే వింటూ కూర్చున్నా."

పదకొండేళ్లుగా నేను ఏమీ చేయకుండా నిలబడ్డాననే అనుకుంటున్నాను.

ఆయన ఇంకోటి కూడా చెప్పారు. అసలు చెప్పింది అమ్మ, ఆయన కాదనలేదు. ఇన్నేళ్లుగా ఎడమ చెయ్యి కాలర్ బోన్ మీద పెట్టుకోనిదే ఆయనకి నిద్ర పట్టదట. జోకులన్నీ పగలు వేసేవే.

పూర్తిగా తగ్గిపోయిందా అంటే లేదు. మొన్న గురువారం రాత్రి కరెంటు పోయింది. ఫ్యాను చివరి చుట్టు తిరుగుతుంటే దవడ బిగిసింది, చేతులు తడిశాయి, అన్నీ మామూలే. లేచి వెళ్లి బాల్కనీ తలుపు బార్లా తీసి, కొట్టుకోకుండా కింద ఒక చెప్పు అడ్డం పెట్టాను. పక్కింట్లో చంటిపిల్ల ఏడుస్తోంది. ఎవరో కొవ్వొత్తి ఎక్కడ పెట్టావే అని అరుస్తున్నారు. వింటూ అక్కడే నిలబడ్డాను. భుజం కొంచెం దిగింది. కొంచెమే. కరెంటు వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాను.

గంగమ్మ బిడ్డ అన్నా, ఒక మాట అడగాలి. వల ఏ రోజు లాగుతారు? వెనక నిలబడతాను, అడ్డం రాను. నాన్న కూడా వస్తానంటున్నారు.

గంగమ్మ బిడ్డ

రండి చెల్లెమ్మా. ఏ రోజన్నది గాలీ నీరూ చూసి మా అబ్బాయి ముందు రోజు మెసేజ్ పెడతాడు. తెల్లారి ఐదింటికల్లా ఒడ్డు మీదుండాలి. నాన్నగారికి ఎడం పక్క తాడిస్తాను, కుడి భుజం మీద బరువు పడకుండా. విరిగింది కుడి పక్కే అనుకుంటున్నా, ఏ పక్కో చెప్పలేదు నువ్వు.

వాల్తేరు పిల్ల

కుడి పక్కే అన్నా.

గంగమ్మ బిడ్డ

సరే. చెప్పులు ఇంటికాడే వదిలేసి రండి, ఇసకలో జారతాయి.